ఆఖరి పేజీల వేలిముద్ర

మొన్న ఐతారం నాడు మా మనుమరాలు చర్చి నుంచి ఒక బొమ్మల పుస్తకం పట్టుకొచ్చింది. జగిత్యాలల ఇప్పుడు చర్చిల ఏసీలు పెట్టిండ్రు, పుస్తకాలు కూడ నున్నగ మెరుస్తున్నయి. అట్ట మీద బూరెబుగ్గల పోరి ఒకతి చేతులు చాపి నవ్వుతున్నది. "నానమ్మా, దేవుడు నన్ను స్పెషల్‌గ చేసిండట. నా అసొంటిది లోకంల ఇంకొకతి లేదట" అనుకుంట వచ్చి నా ఒళ్లె కూసున్నది. నేను మొదటి పేజీ తియ్యలేదు. సీదా ఆఖరి పేజీ తీసిన. ముద్ర పెట్టుమని సున్న ఏమన్న గీసిండ్రా, పేరు రాయుమని గీత ఏమన్న కొట్టిండ్రా అని చూసిన. గదేం లేదు. చిన్న అద్దపు తునుక అంటించిండ్రు, పిల్ల తన మొఖం తాను చూసుకోవాలెనట. గది చూసినంకనే నా పానం నిమ్మలమైంది.

"ఏంది అత్తమ్మా, బొమ్మల పుస్తకం ఎవలన్న ఎనుక నుంచి చూస్తరా?" అని కోడలు నవ్వింది. నవ్వితె నవ్వనియ్యి. అనుమానం మా ఇంటి జబ్బు, మా అమ్మ కాన్నుంచి వచ్చింది. ఎట్ల వచ్చిందో చెప్త, ఇనుండ్రి.

మాది కోరుట్ల అవతల ఒక ఊరు. గప్పుడు మా ఊరు పగలు పోలీసులది, పొద్దుగూకినంక తుపాకులు పట్టుకొని అడవిల తిరిగే అన్నలది, నడుమ నలిగేది మేము. ఒకలు నీళ్లడిగితె ఇచ్చిన పాపానికి ఇంకొకలు వచ్చి తందురు. కుక్క మొరిగితె చాలు, ఎవలొచ్చిండ్రో ఏమోనని తల్లులు పిల్లల నోర్లు మూసేటోళ్లు. పక్కింటామె "బువ్వ తిన్నరా" అని అడిగినా, ఇదెందుకు అడుగుతున్నదని ఆలోచన జేసే కాలం. నవ్వుకుంట చెప్తున్న గని, గట్ల బతుకుడు ఎంత కష్టమో పగోనికి కూడ రావద్దు.

మా వాడల సగం ఇండ్లు యేసుప్రభువును నమ్మినయే. మా నాయిన వాళ్లు తాతల కాలం నుంచి ప్రార్థనలకు పోయేటోళ్లు. మా అమ్మ పెండ్లయి వచ్చినంక నమ్మింది గని, పూరా నమ్మలేదు. కొండగట్టు అంజన్న తాయెత్తు ఒకటి తంబాకు డబ్బల దాచిపెట్టుకున్నది. ఇద్దరిల ఎవలు కాపాడుతరో తెల్వదు కద అనేది. దేవుని మీదనే అనుమానం ఉన్న మనిషి, మనుషుల మీద ఉండదా?

గా అనుమానం ఎక్కువ మా మేనత్త మీద ఉండె. అత్త అంటె మా నాయిన చెల్లె. పెండ్లి వద్దని, నాలుగు అక్షరాలు నేర్చి, మందిరంల పిల్లలకు సండేస్కూలు చెప్పేది. తెల్లచీర, తలకు నూనె, చేతుల బైబిలు. మా అమ్మ, వాడ ఆడోళ్లంత బీడీలు చుట్టి బతుకుతుంటె, ఆమెకు గది రాదు. అమ్మకు అదే కడుపుమంట. "ఆడిబిడ్డ చేతులు చూడుండ్రి, తమలపాకులే" అని మూతి తిప్పేది. ఇద్దరికీ మాటల్లేవు. ఏమన్న చెప్పుకోవాలంటె నన్ను నడుమ నిలబెట్టి చెప్పుకునేటోళ్లు.

ఒకసారి జగిత్యాల నుంచి పాస్టరయ్య బస్సుల బొమ్మల పుస్తకాల కట్ట తెచ్చిండు. ఏ దేశంల అచ్చయినయో ఏమో, మీద మాత్రం తెలుగుల రాసి ఉన్నది. మాకు రంగుల పుస్తకమంటె గదే మొదలు. ఒక పేజీల మక్కకంకి పీచు అసొంటి జుట్టు పిల్ల. ఒక పేజీల మా తీరుగ నల్లటి పోరడు. ఇంకో పేజీల చంకల కర్ర పెట్టుకొని కుంటే పిల్ల. ప్రతి బొమ్మ కింద ఒక్కటే మాట: "దేవుడు నన్ను చేసెను. నా వంటి వారు మరి ఒకరు లేరు." ఆఖరి పేజీల బొమ్మ లేదు, ఉత్త సున్న ఉన్నది. దాని కింద, "నీ వేలిముద్ర ఇచ్చట ఉంచుము. ఇటువంటిది లోకములో మరి ఒకటి లేదు" అని ఉన్నది.

అత్త దీపం మసి గీకి, కొబ్బరినూనెల కలిపి, డబ్బా మూతల పెట్టింది. ఒక్కొక్కల బొటనవేలు పట్టి మసిల అద్ది సున్నల పెట్టించింది. కింద పేరు రాసింది. "ఇగో బిడ్డా, గీ గీతలు చూడు. దేవుడు నీ ఒక్కదాని కోసరం గీసినయి. రాజుకు లేవు, దొరకు లేవు" అన్నది. నేను ఎంతసేపు చూసుకున్ననో. బడిల సారుకు మా వాడ పిల్లలందరం ఒక్కటే, అందర్ని "ఓ పోరి, ఎనుకకు జరుగు" అనేటోడు. నా అసొంటిది ఇంకొకతి లేదని గప్పటిదాక నాకు ఎవలు చెప్పలేదు. పుస్తకాలు ఇంటికిస్తె చింపుతరని అత్త అన్నీ మలిపి తీసుకొని తన సందుగుల పెట్టి తాళమేసింది. గదే ఆమె చేసిన తప్పు.

నేను ఎగురుకుంట ఇంటికి పోయి నల్లటి వేలు అమ్మకు చూపెట్టిన. అమ్మ ఒళ్లె బీడీల చాట ఉండె. చాట కింద పడ్డది, తంబాకు వాకిలంత ఆగమైంది.

"ఎవలకు పెట్టినవే వేలు?" అని నా రెక్క పట్టుకున్నది.

"అత్తకు. పుస్తకంల."

"పేరు కూడ రాసిందా?"

"రాసింది."

చెంప మీద ఒక్కటి పడ్డది. నేనేమో దేవుని ముచ్చట చెప్పబోతున్న, ఆమె ఇంటె కద!

మా ఇంట్ల వేలు పెట్టుడంటె ఏదో ఒకటి పోవుడే. మా తాత తెల్లకాయిదం మీద వేలు పెడితె భూమి దొర కిందికి పోయింది. మా నాయిన కూలీల సంఘంల తిరిగిండని పోలీసులు ఠాణకు పిలిచి, వచ్చినప్పుడల్లా వేలు పెట్టించి తన్ని పంపేటోళ్లు. ఆ దెబ్బలు తాళలేక నాయిన సిరిసిల్లకు పోయి, వేరే పేరు చెప్పుకొని సాంచెల మీద బట్ట నేస్తున్నడు. గా ముచ్చట మా ముగ్గురికి, అత్తకు తప్ప ఎవలకు తెల్వదు. పోలీసుల కాడ మాత్రం నాయిన వేలిముద్ర అట్లనే ఉన్నది.

ఇగ మా ఊరోళ్ల లెక్క ఇనుండ్రి. పిల్లకు నడక తండ్రిది వస్తది, ముక్కు తండ్రిది వస్తది, కోపం తండ్రిది వస్తది. మరి వేలిగీతలు మాత్రం ఎవలియి వస్తయి? తండ్రియే! పిల్లల ముద్రలు తీసుకపోయి ఠాణల ఉన్నవాటితోని కలిపి చూస్తె ఏ పిల్ల ఎవలి బిడ్డ, ఆ తండ్రి ఏడ దాగిండు అన్నీ తెలుస్తయని అమ్మ అనుకున్నది. ఇప్పుడు ఇనెటోళ్లకు నవ్వొస్తది. గప్పుడు మా వాడల ఒక్కలు కూడ నవ్వలేదు.

అమ్మ ఆ మాట మనసుల పెట్టుకుంటె అయిపోవు. తెల్లారి బీడీల కార్ఖానల ఆకు తీసుకునేకాడ అన్నది. "మా ఆడిబిడ్డ పిల్లల వేలిముద్రలు ఎవలికోసరం జమ చేస్తున్నదో మరి" అన్నది, గంతే. ఒక్కతి చెవుల పడ్డది చాలు. సాయంత్రం వరకు అది అత్త పోలీసుల మనిషని అయింది. సందుగకు తాళమెందుకు అన్నరు. పాస్టరయ్య ఏ బస్సు ఎక్కుతడు, ఏడ దిగుతడు అని లెక్కలు తీసిండ్రు. అన్నను అమ్ముకున్నది అని కూడ అన్నరు, సొంత అన్నను! అత్త బాయికాడికి పోతె ఆడోళ్లు బొక్కెన గుంజుకొని పక్కకు జరుగుడు నేను కండ్లార చూసిన.

గా వారంలనే కబురు వచ్చింది. కట్టెలు కొట్టెటాయిన ఒకడు వచ్చి, అత్త ఇంటి ముంగట నిలబడి, నేల చూసుకుంట చెప్పిండు. "అన్నలు రేపు పంచాయితి పెడుతున్నరు. నువ్వు రావాలె. పుస్తకాలు తేవాలె." పోలీసుల మనిషని తేలితె పంచాయితిల ఏమైతదో మా ఊళ్లె చిన్న పోరగాండ్లకు కూడ ఎరుకే. పక్క ఊళ్లె ఒకాయిన గట్ల పోయి మళ్ల ఇంటికి రాలేదు.

అమ్మ ఆ దినమంత బీడీలు ముట్టలేదు. "నా నోట్ల మన్ను వడ, నా నోట్ల మన్ను వడ" అనుకుంట ఇంట్లకు బయటికి తిరిగింది. ఆఖరికి నన్ను ఎంట తీసుకొని అత్త ఇంటికి పోయింది. ఎన్నడు గడప తొక్కని మనిషి. అత్త దీపం ముట్టియ్యకుండ గోడకు ఒరిగి కూసున్నది.

"ఏం చెప్తవ్ రేపు ఆళ్లకు?" అమ్మ నా దిక్కు చూసి కాదు, అత్త దిక్కే చూసి అడిగింది.

"ఉన్నదే చెప్త వదినె. ఎవలి గీత వాళ్లదే అని పుస్తకంలనే ఉన్నది. బిడ్డది తండ్రిది ఒక్కటి కాదు. ఒక్క తండ్రిని వేలు పెట్టుమనుండ్రి, పక్కన పెట్టి చూసుకొమ్మనుండ్రి."

పెట్టేటోడు ఎవడు? అత్త ముందుగాలనే వాడంత అడిగి వచ్చిందట. మొగోళ్లంత చేతులు తువ్వాలల్ల దాచుకున్నరట. ఒకడు వేలు కోసుకుంట గని పెట్టనన్నడట. అమ్మ సందుగ దిక్కు చెయ్యి చాపింది. "నా బిడ్డ పుస్తకం ఇటియ్యి" అన్నది. అత్త ఇయ్యబోయి ఆగింది. "ఏడికి తీసుకపోతవ్?" అని ఈమె కూడ అనుమానంగనే అడిగింది. ఒక్కింటోళ్లమే కద మరి.

తెల్లారి మొదటి బస్సుకే సిరిసిల్ల పోయినం. పుస్తకం నా గౌను లోపల కడుపుకు కట్టింది అమ్మ. సిరిసిల్ల గల్లీల సాంచెల చప్పుడుకు చెవులు దిమ్మెక్కినయి, ఎదురుంగ ఉన్నామె అరిచినా ఇనబడదు. నాయిన బయటికి వచ్చిండు. కనుబొమ్మల మీద, మీసాల మీద దూది. నన్ను ఎత్తుకోలేదు, ముందుగాల గల్లీ అటు ఇటు చూసి, "ఎవలన్న ఎనుక వచ్చిండ్రా?" అన్నడు. అది గుర్తొస్తె ఇప్పటికీ నాకు ఏడుపొస్తది.

అమ్మ సంగతి చెప్పింది. నాయిన పుస్తకం మలిపి మలిపి చూసిండు.

"ఇది దొరికితె నా పని అయిపోయినట్టే" అన్నడు.

"పెట్టకపోతె నీ చెల్లె పని అయిపోయినట్టే" అన్నది అమ్మ.

నాయిన సాంచకు పెట్టే నల్లటి గ్రీసుల బొటనవేలు ముంచి, తుడిచి, నా ముద్ర పక్కకు ఒత్తిండు. ముగ్గురం తలలు ఒక్కకాడ పెట్టి చూసినం. నాయినది గుండ్రంగ సుడి తిరిగి ఉన్నది. నాది చెర్ల అలల తీరు ఒక పక్కకు ఒరిగి ఉన్నది. ఏడ కలువలేదు. అమ్మ మొఖం ఇప్పారింది. నాకు మాత్రం దుఃఖమొచ్చింది. "నేను నీ బిడ్డను కానా నాయినా?" అన్న. నాయిన గప్పుడు నన్ను ఎత్తుకున్నడు. "అయ్యో పిచ్చిపోరీ, ముక్కు చూడు, నాదే కద" అని నా ముక్కు పిండిండు. నా ముక్కుకు గ్రీసు అంటింది. తుడుచుకోబుద్ధి కాలేదు.

మలిపి వచ్చేటప్పుడు వేములవాడ దాటినంక పోలీసులు బస్సు ఆపిండ్రు. సంచులు, మూటలు అన్ని కింద పోసి చూస్తున్నరు. ఒక జవాను నా గౌను ఉబ్బు చూసి లాఠీతోని పొడిచిండు. పుస్తకం బయటపడ్డది. బొమ్మలు తిప్పుకుంట తిప్పుకుంట ఆఖరి పేజీకి వచ్చిండు.

"గీ చిన్నది పోరిది. గీ పెద్దది ఎవలిది?"

"నాదే సారు" అన్నది అమ్మ.

వాడు అమ్మ బొటనవేలు పట్టి ఎలుగుకు పెట్టిండు. తంబాకుతోని పసుపచ్చగయింది, రాయి తీరు నున్నగున్నది. పుస్తకంలనేమో సుడి కండ్లు తెరుచుకొని చూస్తున్నట్టే ఉన్నది. వాడు వేలు చూస్తడు, పుస్తకం చూస్తడు, మళ్ల వేలు చూస్తడు. నాకు బుగులై, ఏం చెయ్యాలో తోచక, సండేస్కూలుల నేర్చింది గట్టిగ మొదలుపెట్టిన. "దేవుడు నన్ను చేసెను! నా వంటి వారు మరి ఒకరు లేరు!" అని ఊగుకుంట, పాడుకుంట. బస్సుల ఉన్నోళ్లంత పక్కుమన్నరు. కండక్టరు, "నిజమే సారు, గిట్లాంటిది ఇంకొకతి ఉంటె మేము బతుకుతమా" అన్నడు. జవాను పుస్తకం నా ఒళ్లెకు ఇసిరి దిగిపోయిండు. ఎందుకు ఇడిచిపెట్టిండు? నవ్వులకా, నిజంగ తెల్వకనా, తెలిసేనా? నాకు ఇప్పటికీ అనుమానమే.

పంచాయితి పొద్దుగూకే యాళ్లకు బడి ముంగట పెట్టిండ్రు. అన్న అంటె ఇంత ఉంటడనుకున్న, మీసాలు కూడ సరిగ రాని పిలగాడు. తుపాకి మాత్రం పెద్దదే. అత్త తెల్లచీర కొంగు తల మీద కప్పుకొని నడుమ నిలబడ్డది. సందుగ ఆమె కాళ్ల కాడ ఉన్నది, మసి డబ్బా మూత కూడ తెప్పిచ్చిండ్రు.

"పిల్లల ముద్రలు ఎవలికోసరం?" అన్నడు అన్న.

"పిల్లల కోసరమే. వాళ్లను వాళ్లు తెలుసుకోవాలెనని" అన్నది అత్త.

అమ్మ జనంల నుంచి తోసుకొని పోయి, పుస్తకం తెరిచి అన్న ముంగట పెట్టింది. "ఇగో బిడ్డది. ఇగో తండ్రిది. ఇయ్యాలనే పెట్టించుకొచ్చిన. ఏడన్న కలిసిందా చూడు!"

అన్న లాంతరు దగ్గరికి గుంజి చూసిండు. పక్కోనికి చూపెట్టిండు. గుసగుస పెట్టుకున్నరు. "కలువలేదు. గని ఇది తండ్రిదే అని ఏం నమ్మకం? ఆమె నీ ఆడిబిడ్డ. కాపాడుకునెతందుకు నీ వేలు నువ్వే పెట్టి తెచ్చినవేమో" అన్నడు. జనమంత "అవ్, అవ్, గట్ల కూడ ఉండొచ్చు" అన్నరు. అనుమానానికి ఆఖరు ఉంటదా?

అమ్మకు కోపమొచ్చిందంటె తుపాకి లేదు ఏం లేదు. "నాదా? నా వేలా? చూడు మరి, మంచిగ చూడు!" అని మసిల వేలు ముంచి, గా పేజీలనే, గా రెండు ముద్రల పక్కకే గట్టిగ ఒత్తింది. ఎత్తింది. నల్లటి మచ్చ. సుడి లేదు, అల లేదు, ఒక్క గీత లేదు. "పాలపండ్లు ఊడకముందు సంది బీడీలు చుడుతున్న. ఏడున్నది గీత? పెట్టుమంటె మళ్ల పెడుత!" అన్నది. ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడోళ్లు ఏం అనకుండనే వచ్చి వాళ్లు కూడ వేలు ఒత్తిండ్రు. అందరివి మచ్చలే. "నేను ఈమె మీద మొదలు అనుమానపడ్డదాన్ని. కార్ఖానల అన్నది నేనే. నేనే కాదంటున్న. ఇంకేం కావాలె మీకు?" అని అమ్మ అక్కడనే కూలబడ్డది.

అన్న లాంతరు ఇంకింత దగ్గరికి జరిపి ఆ మచ్చలు ఒక్కొక్కటి చూసిండు. ఆయిన తల్లి కూడ బీడీలు చుడుతదేమో. వేరే మొగోనిదన్న తేవచ్చు కద అని ఇప్పుడు నాకే అనుమానం వస్తది, ఆయినకు రాలేదు. వచ్చినా మింగిండు కావచ్చు. "ఈమె తప్పు లేదు. గని గీ ముద్రలు ఎవల చేతుల పడ్డా ప్రమాదమే" అన్నడు. పుస్తకాలన్ని ఒక్కకాడ పోసి, నాది పైన పెట్టి, అగ్గిపుల్ల గీసిండు. మక్కకంకి జుట్టు పిల్ల, నల్లటి పోరడు, కుంటే పిల్ల, నాయిన సుడి, నా అల అన్ని ముడుచుకపోయినయి. అత్త పానం దక్కింది. నేను మాత్రం నా ముద్ర కోసరం ఎక్కెక్కి ఏడ్చిన.

ఇంటికి పోయే తొవ్వల అత్త అమ్మ చెయ్యి పట్టుకున్నది. "ఇడువు, మసి అంటుతది, తెల్లచీర" అన్నది అమ్మ. అత్త ఇడువలేదు. నేను వాళ్ల నడుమ దూరి, ఎక్కిళ్లు పెట్టుకుంట, అప్పటి సంది అడగాలనుకున్న మాట అడిగిన.

"అమ్మా, దేవుడు నీకు గీతలు పెట్టలేదా?"

అమ్మ నడుసుకుంటనే బొటనవేలు కొంగుకు రాసుకున్నది.

"పెట్టిండు బిడ్డా" అన్నది. "బీడీలల్ల పోయినయి. ఎవలో తాగి పారేసిండ్రు."